యాసిడ్ ట్యాంకర్ బోల్తా పడితే.. ఆ యాసిడ్‌ను నేల ఎలా విరిచేస్తుంది? నల్లరేగడికి, ఎర్రనేలకు అంత తేడా ఎందుకు?

హైవే మీద యాసిడ్ ట్యాంకర్ బోల్తా.. ఘాటైన పొగలు.. ట్రాఫిక్ మళ్లింపు.. ఫైర్ సిబ్బంది ఇసుక పోయడం, సున్నం చల్లడం. కొన్ని గంటల్లో రోడ్డు క్లియర్. మనకు కనిపించే వార్త ఇక్కడితో అయిపోతుంది. కానీ రోడ్డు దిగి పక్కనున్న పొలంలో ఇంకిపోయిన యాసిడ్ సంగతేంటి? అది ఎక్కడికి పోయింది? నేలే దాన్ని మింగేసిందా? మింగితే ఎంతవరకు మింగగలదు? ఆ పొలంలో మళ్లీ పంట వేయొచ్చా? పక్కనే ఉన్న బోరు నీళ్లు తాగొచ్చా?

యాసిడ్‌ను విరిచే శక్తి నేలకు, రాయికి నిజంగానే ఉంది. అయితే అది అన్ని నేలల్లో ఒకేలా ఉండదు. ఒక నేల టన్నుల కొద్దీ యాసిడ్‌ను తట్టుకుంటే, ఇంకో నేల కొన్ని బకెట్లకే చేతులెత్తేస్తుంది. యాసిడ్ విరిగిపోయినంత మాత్రాన నేల బాగుపడినట్టు కూడా కాదు. స్పెయిన్‌లో 1998లో జరిగిన ఓ పెద్ద ప్రమాదం ఇందుకు సాక్ష్యం. ఆ వివరాల్లోకి వెళ్లే ముందు, అసలు ఈ విరుగుడు ఎలా జరుగుతుందో చూద్దాం.

తాండూరు బండ మీద నురగ.. గ్రానైట్ మీద ఏమీ ఉండదు

బాత్రూమ్ కడిగే యాసిడ్ తాండూరు బండ మీద పడితే ఏమవుతుందో చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. బుస్సుమని నురగ వస్తుంది. తర్వాత చూస్తే బండ మీద నునుపు పోయి, గరుకుగా తెల్లటి మచ్చ మిగులుతుంది. వంటింట్లో నల్ల కడప బండ మీద నిమ్మరసం పడితే తుడిచినా పోని మరక పడేదీ ఇందుకే. అదే గ్రానైట్ గట్టు మీద నిమ్మరసం ఎంత పోసినా పెద్దగా తేడా ఉండదు.

కారణం రాయిలోనే ఉంది. తాండూరు బండ, కడప బండ రెండూ సున్నపురాయి జాతివే. వాటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బోనేట్. యాసిడ్ తగలగానే ఇది కరిగి, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌ను వదులుతుంది. ఆ గ్యాస్ బుడగలే మనకు కనిపించే నురగ. ఈ క్రమంలో యాసిడ్ ఖర్చైపోతుంది, రాయీ కొంత ఖర్చైపోతుంది. చివరికి మిగిలేది ఉప్పు లాంటి పదార్థం, నీళ్లు. గ్రానైట్‌లో ఉండేది క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలు. క్వార్ట్జ్ మామూలు యాసిడ్లకు లొంగదు. ఫెల్డ్‌స్పార్ లొంగుతుంది కానీ గంటల్లో కాదు.. ఏళ్లు, దశాబ్దాల లెక్కన.

పొలంలో జరిగేదీ ఇదే. మట్టి అంటే పొడి అయిన రాయే కదా! ఆ పొడిలో సున్నం పాలు ఎంత ఉందన్నదే మొదటి ప్రశ్న.

ఒక టన్ను యాసిడ్‌కు ఎంత సున్నపురాయి కావాలి?

లెక్క చాలా సులువు. 98 కిలోల సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను పూర్తిగా విరిచేయడానికి 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బోనేట్ కావాలి. అంటే దాదాపు టన్నుకు టన్ను అన్నమాట. 10 టన్నుల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నేల మీద పడితే, దాన్ని విరవడానికి 10 టన్నుల సున్నం నిల్వ ఆ మట్టిలో ఉండాలి, లేదా బయటి నుంచి తెచ్చి పోయాలి. మార్కెట్లో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మూడింట రెండొంతులు నీళ్లే కాబట్టి, దానికి టన్నుకు 400 నుంచి 450 కిలోలు సరిపోతుంది.

బట్టీలో కాల్చిన సున్నమైతే ఇంకా తక్కువ చాలు. సున్నపురాయిని కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ ముందే వెళ్లిపోతుంది కాబట్టి 56 కిలోలే 100 కిలోల రాయి చేసే పని చేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో సున్నం అనగానే గుర్తొచ్చే ఊరు పల్నాడులోని పిడుగురాళ్ల. అక్కడి బట్టీల్లో తయారయ్యేది ఇదే సరుకు. అయితే దీంతో ఓ చిక్కుంది. పండగ ముందు గోడలకు వేసేందుకు సున్నం రాళ్లను నీళ్లలో వేస్తే కుతకుతా ఉడకడం పాతకాలం వాళ్లందరికీ తెలుసు. నీళ్లతోనే అంత వేడి పుడితే, గాఢ యాసిడ్‌తో ఎంత పుడుతుందో ఊహించుకోవచ్చు. యాసిడ్ మడుగు కనిపించింది కదా అని బస్తాల కొద్దీ కాల్చిన సున్నం కుమ్మరిస్తే అది మరిగి మనుషుల మీదకే చిమ్ముతుంది.

నల్లరేగడి దమ్ము ఎంత?

నల్లరేగడి పొలంలో దున్నేటప్పుడు అక్కడక్కడా తెల్లటి గట్టి ముక్కలు బయటపడతాయి. రైతులు వాటిని సున్నపు ముక్కలనే అంటారు. పేరు పెట్టడంలో వాళ్లు పొరబడలేదు. అవి నిజంగా కాల్షియం కార్బోనేటే. వాన తక్కువ ఉండే చోట, నేలలో కరిగిన సున్నం నీళ్లతో పాటు కొట్టుకుపోకుండా లోపలే గడ్డకట్టి ఇలా తయారవుతుంది. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ వైపు నల్లనేలల్లో ఇది కనిపిస్తుంది. ఈ నేలల పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉండడానికి కారణం కూడా ఈ సున్నమే.

ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం. ఒక నల్లరేగడి మట్టిలో 5 శాతం సున్నం ఉందనుకుందాం. ఎకరం పొలంలో పైన అరడుగు మట్టి బరువు సుమారు 800 టన్నులు. అందులో 5 శాతం అంటే 40 టన్నుల సున్నం. 10 టన్నుల యాసిడ్‌కు కావాల్సింది 10 టన్నులే. వినడానికి భలేగా ఉంది కదా.. ట్యాంకర్ మొత్తం పారబోసినా ఎకరం నేల నాలుగో వంతు నిల్వతోనే లెక్క తేల్చేస్తుంది!

కానీ యాసిడ్ ఎకరమంతా సమానంగా పరుచుకోదు. పల్లం చూసుకుని అక్కడే మడుగు కడుతుంది. ఆ మడుగు 100 గజాలు ఉందనుకుంటే, దాని కింద అరడుగు మట్టి బరువు 16 టన్నులు. అందులో సున్నం 800 కిలోలు. అంటే పై అరడుగు మట్టి 800 కిలోల యాసిడ్‌ను మాత్రమే విరవగలదు. మిగతా 9 టన్నుల పైచిలుకు కిందికి దిగుతుంది. ఒక్క సున్నం లెక్కే చూస్తే, మొత్తం విరిగేసరికి ఆరడుగుల లోతు దాటుతుంది. ఇది కాగితం మీది లెక్క. ప్రతి మట్టి రేణువుకూ యాసిడ్ తగిలితేనే ఇది నిజమవుతుంది.

ఎండాకాలంలో అలా తగలదు. ఏప్రిల్, మే నెలల్లో నల్లరేగడి నెర్రెలు బారుతుంది. కాలు దూరేంత వెడల్పు, గజం లోతు ఉండే నెర్రెలు మామూలే. యాసిడ్ ఆ నెర్రెల్లోంచి నేరుగా కిందికి జారిపోతుంది. గోడలకు తగిలిన మేర సున్నం ఖర్చవుతుంది. మట్టి గడ్డ మధ్యలో ఉన్న సున్నం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఉన్న నిల్వ అక్కరకు రాకపోవడమంటే ఇదే. అదే వానాకాలంలో నేల తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి కాబట్టి యాసిడ్ పైనే నిలబడుతుంది. అప్పుడు ప్రమాదం కిందికి కాదు, పక్కకు.. వాగులోకి, చెరువులోకి. ఒకే పొలం, ఒకే ట్యాంకర్. నెల మారితే కథ మారిపోతుంది.

ఎర్రనేలలో ఏం జరుగుతుంది?

తెలంగాణ చల్క నేలలు, రాయలసీమ ఎర్రనేలలు చాలావరకు గ్రానైట్ జాతి రాళ్లు అరిగి ఏర్పడినవి. వాటిలో సున్నం నిల్వ దాదాపు ఉండదు. మరి యాసిడ్‌ను ఎవరు అడ్డుకోవాలి?

ఇక్కడ రెండో రక్షణ పనిలోకి దిగుతుంది. బంకమట్టి రేణువులు, కుళ్లిన ఆకులు, పేడ ఎరువు వీటన్నిటి ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. దానికి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లాంటి పోషకాలు అతుక్కుని ఉంటాయి. యాసిడ్‌లోని హైడ్రోజన్ అయాన్ వచ్చి వాటిని నెట్టేసి ఆ స్థానంలో కూర్చుంటుంది. దాంతో నీళ్లలో యాసిడ్ తగ్గుతుంది. కానీ పంటకు ఆహారంగా ఉండాల్సిన కాల్షియం, పొటాషియం నీళ్లలో కలిసి కొట్టుకుపోతాయి. అంటే నేల తన తిండిని అమ్ముకుని యాసిడ్ అప్పు తీరుస్తోందన్నమాట.

ఈ పద్ధతిలో ఇసుక పాలెక్కువున్న ఎర్రమట్టి టన్నుకు సుమారు 5 కిలోల సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను పట్టుకోగలదు. 5 శాతం సున్నమున్న నల్లమట్టి టన్నుకు ఒక్క సున్నంతోనే 49 కిలోలు, అందులోని బంకతో ఇంకో 20 కిలోలకు పైగా విరుస్తుంది. అదే 100 గజాల మడుగు, అదే 10 టన్నుల యాసిడ్ ఎర్రనేలలో పడితే ఈ లెక్కన 60 అడుగుల లోతు వరకు మట్టి కావాలి. అంత లోతు మట్టి ఎక్కడుంటుంది? చాలాచోట్ల అంతకు ముందే మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి తగులుతాయి. మన బోర్లలోకి నీళ్లు వచ్చేది సరిగ్గా ఆ పగుళ్లలోంచే.

నేలకు ఇంకో రక్షణ ఉంది కానీ అది రోగం కంటే మందే ప్రమాదం అన్నట్టు ఉంటుంది. జర్మనీకి చెందిన నేల శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ ఉల్రిచ్ యాసిడ్ వానల మీద పరిశోధన చేస్తూ, నేల ఏ దశలో దేన్ని ఖర్చు పెడుతుందో వివరించారు. పీహెచ్ 6.2కు పైన ఉన్నంతవరకు సున్నం పని చేస్తుంది. అది అయిపోయాక పీహెచ్ 5 దాకా సిలికేట్ ఖనిజాలు, ఆ తర్వాత 4.2 దాకా రేణువుల మీది పోషకాల మార్పిడి. అక్కడి నుంచి కిందికి పోతే బంకమట్టిలో బందీగా ఉన్న అల్యూమినియం కరగడం మొదలవుతుంది. ఇంకా దిగి 3 దగ్గరికొస్తే ఇనుము కూడా కరుగుతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గిందంటే యాసిడ్ పదింతలు పెరిగినట్టని గుర్తుంచుకుంటే ఈ అంకెల మధ్య దూరం ఎంతో తెలుస్తుంది.

అల్యూమినియం కరగడం వల్ల యాసిడ్ కొంత విరుగుతుంది, నిజమే. కానీ కరిగిన అల్యూమినియం వేర్ల కొసలను మాడ్చేస్తుంది. వేరు పొట్టిగా, మొద్దుగా తయారై నీళ్లు పీల్చుకోలేదు. అది చెరువులోకి చేరితే చేపల మొప్పల మీద పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. మట్టిలో అల్యూమినియం ఎక్కడి నుంచి వచ్చిందని అనుమానం అక్కర్లేదు. భూమి పైపొరలో అన్ని లోహాల కంటే ఎక్కువ ఉన్నది అదే, సుమారు 8 శాతం. సున్నం ఉన్నంతకాలం అది కదలదు, అంతే.

రాయి ఉంటే సరిపోదు.. పని చేయాలి కూడా

గ్రానైట్ నేలల్లో యాసిడ్‌కు విరుగుడు ఎంత తక్కువో స్వీడన్‌ను చూస్తే అర్థమవుతుంది. అక్కడ గ్రానైట్, నీస్ రాళ్ల మీదున్న వేలాది సరస్సులు యాసిడ్ వానలకు పులిసిపోయి చేపలు పోయాయి. దాంతో 1970ల నుంచి ప్రభుత్వ ఖర్చుతో పడవలు, హెలికాప్టర్ల సాయంతో సరస్సుల్లో సున్నపురాయి పొడి చల్లుతూ వచ్చారు. సున్నపురాయి నేలల్లో ఉన్న సరస్సులకు ఆ అవసరమే పడలేదు.

అలాగని సున్నపురాయి ఎక్కడున్నా ధీమాగా ఉండొచ్చా అంటే.. కుదరదు. సల్ఫ్యూరిక్ యాసిడ్ సున్నపురాయి గుండ్ల మీద పడితే మొదట బాగానే నురగలు వస్తాయి. కాసేపటికి ఆగిపోతాయి. యాసిడ్ అయిపోయిందని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి అక్కడ పుట్టిన జిప్సం రాయి చుట్టూ పొరలా అంటుకుని, లోపలి సున్నానికి యాసిడ్ తగలకుండా అడ్డుపడుతుంది. యాసిడ్ పక్కనే ఉంటుంది, సున్నమూ పక్కనే ఉంటుంది, రెండూ కలవవు. ఇనుము ఎక్కువున్న గని నీళ్లలోనైతే తుప్పు పొర ఇదే పని చేస్తుంది. అందుకే ప్రమాద స్థలాల్లో కంకర కంటే పొడి మేలు. రాయి ఎంత మెత్తగా ఉంటే అంత ఎక్కువ భాగం యాసిడ్‌కు తగులుతుంది. సున్నపురాయికి దగ్గరి చుట్టం లాంటి డోలమైట్ కూడా యాసిడ్‌ను విరుస్తుంది కానీ బాగా నెమ్మదిగా.

స్పెయిన్ నేర్పిన పాఠం.. యాసిడ్ పోయింది, పొలం తిరిగి రాలేదు

1998 ఏప్రిల్ 25. దక్షిణ స్పెయిన్‌లో సెవిల్ నగరానికి దగ్గర్లోని అస్నాల్‌కొయార్ గని వద్ద వ్యర్థాల చెరువు కట్ట తెగింది. లక్షల ఘనపు మీటర్ల ఆమ్లపు నీళ్లు, నల్లటి బురద అగ్రియో నదిలోకి, అక్కడి నుంచి గ్వాదియమార్ నదిలోకి ఎగదన్నాయి. దాదాపు 40 కిలోమీటర్ల మేర నది ఒడ్డున 4 వేల హెక్టార్లకు పైగా నేల బురదలో మునిగింది. అందులో పంట పొలాలు, తోటలు, మేత బీళ్లు ఉన్నాయి. దిగువన పక్షులకు పేరుపొందిన దోన్యానా నేషనల్ పార్క్ ఉంది. హడావుడిగా మట్టికట్టలు పోసి బురద అందులోకి పోకుండా ఆపారు.

ఆ బురదలో ప్రధానంగా ఉన్నది పైరైట్.. అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. దాంతో పాటు జింక్, సీసం, ఆర్సెనిక్, రాగి, కాడ్మియం. పైరైట్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపు పెద్దగా ఏమీ చేయదు. గాలి తగిలితేనే అసలు సమస్య. ఆక్సిజన్‌తో, తడితో కలిసి అది సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. అంటే ట్యాంకర్ నుంచి ఒకేసారి పడే యాసిడ్‌లా కాదు. పొలంలో పరుచుకున్న బురద ఎండే కొద్దీ, రోజూ కొత్తగా యాసిడ్‌ను తయారు చేస్తూనే ఉంటుంది.

నేల తేడా అక్కడ బాగా బయటపడింది. గనికి దగ్గర్లో ఉన్న సున్నం లేని నేలలు త్వరగా పులిసిపోయాయి. దిగువన సున్నం ఉన్న నేలలు తట్టుకున్నాయి. అక్కడ యాసిడ్ విరగడంతో పాటు, నీళ్లలో కరిగి వచ్చిన లోహాలు కూడా పీహెచ్ పెరగ్గానే గడ్డకట్టి మట్టికి అతుక్కుపోయాయి.

నెలల తరబడి యంత్రాలతో బురదను ఎత్తి గని గోతిలోకే తరలించారు. బురదతో పాటు పై మట్టి కూడా గీకేశారు. అయినా అక్కడక్కడా మట్టిలో కలిసిపోయిన బురద మిగిలింది. దాన్ని విరవడానికి వాడిన పదార్థం ఆసక్తికరం.. బీట్‌రూట్ జాతి దుంప నుంచి పంచదార తీసే ఫ్యాక్టరీల్లో మిగిలే సున్నపు మడ్డి. రసాన్ని శుద్ధి చేయడానికి వాడిన సున్నం చివరికి మెత్తటి కాల్షియం కార్బోనేట్ పొడిలా మిగులుతుంది. ఫ్యాక్టరీలు పారేసేదే కాబట్టి చవక. మెత్తగా ఉంటుంది కాబట్టి వేగంగా పని చేస్తుంది. హెక్టారుకు టన్నుల లెక్కన దాన్ని చల్లి దున్నారు. సేంద్రియ ఎరువూ వేశారు.

మరో పని కూడా చేశారు. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిని తెచ్చి కలిపారు. ఎందుకంటే సున్నం వేస్తే జింక్, కాడ్మియం, రాగి కట్టుబడిపోతాయి కానీ ఆర్సెనిక్ తీరు వేరు. పీహెచ్ మరీ పెరిగితే అది పట్టు వదిలించుకుని కదులుతుంది. దాన్ని గట్టిగా పట్టుకునేది ఇనుప ఆక్సైడ్లే. యాసిడ్‌ను విరవడంలో వెనకబడ్డ ఎర్రమట్టి ఆర్సెనిక్ దగ్గరికొచ్చేసరికి ముందుకొచ్చిందన్నమాట.

ఇంత చేశాక పొలాలు తిరిగి రైతుల చేతికొచ్చాయా? రాలేదు. యాసిడ్ చాలావరకు విరిగింది కానీ లోహాలు మట్టిలోనే ఉన్నాయి. అండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం ఆ భూములను కొనేసింది. పంటలు, పశువుల మేత ఆపించి, చెట్లు నాటి, గ్వాదియమార్ గ్రీన్ కారిడార్‌గా మార్చింది. 2003లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. బురద గుళికలు మిగిలిపోయిన చోట ఏళ్ల తర్వాత కూడా గడ్డి మొలవని బోడి మచ్చలు కనిపించాయి. అక్కడ మట్టిలో కొత్త యాసిడ్ పుడుతూనే ఉంది, చల్లిన సున్నం మాత్రం అయిపోయింది.

విరిగిన యాసిడ్ ఏమవుతుంది?

ట్యాంకర్ ప్రమాదాల్లో సాధారణంగా ఇన్ని లోహాలు ఉండవు. అయినా యాసిడ్ మాయమైపోదు, రూపం మారుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ సున్నంతో కలిస్తే జిప్సం అవుతుంది. చౌడు నేలలకు రైతులు కొని మరీ వేసేది అదే కాబట్టి ఉన్నవాటిలో ఇది నయం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితే కాల్షియం క్లోరైడ్‌గా మారుతుంది. అది నీళ్లలో ఇట్టే కరిగిపోయి బోరు నీటిని ఉప్పగా చేస్తుంది. నైట్రిక్ యాసిడ్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాని నుంచి వచ్చే నైట్రేట్‌ను మట్టి పట్టుకోలేదు, వానతో పాటు నేరుగా భూగర్భ జలాల్లోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. చంటిపిల్లలకు ఇది మరీ ప్రమాదం. పీహెచ్ 7 చూపించే నీళ్లలో కూడా ఈ నైట్రేట్ ఉండొచ్చు. కాబట్టి పీహెచ్ కాగితం ముంచి చూసి నీళ్లు బాగున్నాయని చెప్పేయడం సరికాదు.

ప్రమాదం జరిగితే నేల విషయంలో ఏం చూడాలి?

ముందు మనుషుల సంగతి. గాలి వీచే దిశకు ఎదురుగా దూరం వెళ్లాలి. అత్యవసర నంబర్ 112కు, ఫైర్ సర్వీస్ 101కు, జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయాలి. ట్యాంకర్ మీదుండే ప్రమాద సూచిక బోర్డులో నాలుగంకెల నంబర్ ఉంటుంది. దూరం నుంచి అది కనిపిస్తే ఫోన్‌లో చెప్పడం చాలా ఉపయోగం. 1830 ఉంటే సల్ఫ్యూరిక్, 1789 ఉంటే హైడ్రోక్లోరిక్, 2031 ఉంటే నైట్రిక్ యాసిడ్. ఏ విరుగుడు ఎంత కావాలన్నది, తర్వాత నీళ్లలో ఏం వెతకాలన్నది ఈ ఒక్క నంబర్ మీదే ఆధారపడి ఉంటుంది.

పొలం పక్కన జరిగితే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన మోటారు వేసి నీళ్లు కొట్టడం. అది వద్దు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ మీద నీళ్లు పడితే మరిగి చిమ్ముతుంది. పైగా ఆ యాసిడ్ నీళ్ల కంటే చాలా చిక్కన, మట్టిలోకి నెమ్మదిగా దిగుతుంది. నీళ్లు కలిపితే పలచనై వేగంగా కిందికి పోతుంది. చిక్కగా ఉన్నప్పుడే చుట్టూ పొడి మట్టితో, ఇసుకతో గట్టు కట్టి, శిక్షణ ఉన్న సిబ్బందితో ఎత్తించడం మేలు. మొదటి వాన పడేలోపు ఎంత మట్టి ఎత్తేస్తే నేలకు అంత పని తగ్గుతుంది.

సున్నం చల్లాక ఆ గుంతలోకి దిగి చూడడం ఇంకో తప్పు. 10 టన్నుల యాసిడ్ సున్నపురాయితో పూర్తిగా విరిగితే 4.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే రెండు వేల ఘనపు మీటర్లకు పైగా గ్యాస్. అది గాలి కంటే బరువు. వాసన ఉండదు. పల్లాల్లో, పాడుబడ్డ బావుల్లో నిలిచిపోతుంది.

ఇక పొలం యజమాని అధికారులను అడగాల్సింది ఏంటంటే.. పై మట్టి నమూనా ఒక్కటి తీసుకెళ్తే చాలదు. అరడుగు, రెండడుగులు, నాలుగడుగుల లోతుల్లో విడివిడిగా తీయాలి. పక్కనే యాసిడ్ పడని చోటి మట్టి కూడా ఒకటి తీస్తేనే పోల్చడానికి వీలవుతుంది. పీహెచ్‌తో పాటు లవణ శాతం, మట్టిలో ఇంకా ఎంత సున్నం మిగిలి ఉందన్నది చూడాలి. సున్నం మొత్తం ఖర్చైన నేల ఇవాళ పీహెచ్ 6.5 చూపించినా, మిగిలిన యాసిడ్ కాస్త కదిలితే మళ్లీ పడిపోతుంది. కర్మాగారం వ్యర్థ యాసిడ్ అయితే లోహాల పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే వాడేసిన యాసిడ్‌లో అది కడిగిన లోహమంతా కరిగి ఉంటుంది.

మట్టిలో సున్నం ఉందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. పిడికెడు పొడి మట్టి మీద కాస్త వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకుంటే, సున్నం బాగా ఉన్న నల్లమట్టి సన్నగా బుసబుసమంటుంది, చిన్న బుడగలు కనిపిస్తాయి. ఎర్రమట్టి చాలావరకు ఉలుకూ పలుకూ లేకుండా పీల్చుకుంటుంది. ప్రమాదం జరిగిన పొలంలో యాసిడ్ పడిన చోటి మట్టి, పడని చోటి మట్టి రెండూ ఇలా చూస్తే తేడా తెలుస్తుంది. కాకపోతే యాసిడ్ పడిన మట్టిని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, ముఖానికి దగ్గరగా పెట్టుకోకూడదు.

బోరు నీళ్ల పరీక్ష వెంటనే ఒకసారి, వానాకాలం మొదలయ్యాక మరోసారి, వానలు ముగిశాక ఇంకోసారి చేయించాలి. మట్టిలో నిలిచిపోయిన క్లోరైడ్, నైట్రేట్ కిందికి కదిలేది వాన నీళ్లతోనే కాబట్టి, ఎండాకాలంలో ప్రమాదం జరిగిన వారానికి వచ్చిన రిపోర్టులో అవి కనిపించకపోవచ్చు.